55 మంది శత్రువులు 36 ఎలా అయ్యారు: అటారీ 2600 స్పేస్ ఇన్వేడర్స్ వెనుక లెక్క

2023 చివర్లో అటారీ సంస్థ తన 1977 నాటి గేమ్ కన్సోల్‌ను '2600 ప్లస్' పేరుతో మళ్లీ అమ్మకానికి తెచ్చింది. నలభై ఏళ్ల నాటి కార్ట్రిడ్జ్‌ను (ఆట నింపిన చిన్న డబ్బాను) అందులో పెట్టి ఇప్పటి టీవీ మీద ఆడుకోవచ్చు. పాత యంత్రాలను అనుకరించే ఎమ్యులేటర్లు అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. అందువల్ల 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్' ఆర్కేడ్ ఆటను, 1980లో ఇంటి టీవీ కోసం వచ్చిన దాని రూపాన్ని పక్కపక్కన పెట్టి చూసే వీలు ఇప్పుడు ఎవరికైనా ఉంది.

అలా చూసినప్పుడు ముందుగా కంటపడేది తేడాలే. ఆర్కేడ్‌లో 55 మంది శత్రువులు, ఇంటి ఆటలో 36 మంది. అక్కడ నాలుగు రక్షణ గోడలు, ఇక్కడ మూడు. ఇది అసలు ఆటకు నాసిరకం నకలని కొందరంటారు. అసలు కంటే ఇదే సరదాగా ఉందని ఇంకొందరంటారు. నా అభిప్రాయం వేరు. ఇది ఆ ఆట ఆలోచనను తీసుకుని, పూర్తిగా వేరే సూత్రం మీద నడిచే యంత్రం కోసం మొదటి నుంచీ కట్టిన ఆట. అది సరిగ్గా అర్థం కావాలంటే టీవీ తెర మీద బొమ్మ ఎలా పడుతుందో తెలియాలి.

ఏ రకం ఆట ఇది?

దీన్ని ఫిక్స్‌డ్ షూటర్ అంటారు. తెర ఎటూ జరగదు. మన ఫిరంగి అడుగున ఒకే గీత మీద ఎడమకో కుడికో మాత్రమే కదులుతుంది. శత్రువులు పైనుంచి వరుసలు కట్టి వస్తారు. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేముల్లో 'గెలాక్సియన్' ఆడినవాళ్లకు ఈ తీరు బాగా తెలుసు. ఆ వంశానికి మూలపురుషుడు స్పేస్ ఇన్వేడర్స్. జపాన్‌లోని టైటో సంస్థలో తొమొహిరో నిషికాడో దీన్ని తయారుచేశారు.

ఇంకో మూడు మాటలు. ఆర్కేడ్ అంటే నాణెం వేసి ఆడే పెద్ద పెట్టె. ఒక్క ఆట కోసమే చేసిన యంత్రం. కన్సోల్ అంటే ఇంట్లో టీవీకి కలిపే పెట్టె. కార్ట్రిడ్జ్ మారిస్తే ఆట మారుతుంది. ఒక యంత్రం కోసం చేసిన ఆటను వేరే యంత్రానికి మార్చి రాయడం పోర్ట్ చేయడం.

ఆర్కేడ్ పెట్టెలో బొమ్మకు సొంత చోటు ఉంది

ఆర్కేడ్ యంత్రంలో ఇంటెల్ 8080 ప్రాసెసర్ ఉండేది. దాని తెర 224 చుక్కల వెడల్పు, 256 చుక్కల ఎత్తు. ఒక్కో చుక్క వెలుగుతోందా లేదా అన్నది గుర్తుంచుకోవడానికి ఒక బిట్ (0 లేదా 1) చాలు. 224ను 256తో గుణిస్తే 57,344 బిట్లు. బైట్‌కు 8 బిట్ల చొప్పున 7,168 బైట్లు. ఆ మెమరీ మొత్తం తెర కోసమే కేటాయించారు. ప్రోగ్రామ్ తన వీలును బట్టి అందులో బొమ్మ గీస్తుంది, వేరే సర్క్యూట్ దాన్ని చదివి తెర మీదకు పంపుతూ ఉంటుంది. తెర మొత్తాన్ని ఇలా దాచి ఉంచే మెమరీని ఫ్రేమ్ బఫర్ అంటారు. తెర నలుపు తెలుపే. రంగుల కోసం దాని మీద సెల్లోఫేన్ పట్టీలు అతికించేవారు.

ఈ పద్ధతిలో ఎన్ని బొమ్మలైనా పెట్టవచ్చు. గీయడానికి పట్టే సమయమే హద్దు. ఆ హద్దు నుంచే ఈ ఆట అందరికీ గుర్తుండే లక్షణం పుట్టింది. ప్రోగ్రామ్ ఒక ఫ్రేమ్‌లో, అంటే సెకనులో అరవయ్యో వంతులో, ఒక్క శత్రువునే జరుపుతుంది. 55 మంది ఉన్నప్పుడు గుంపంతా ఒక్క అడుగు వేయడానికి 55 ఫ్రేములు, దాదాపు ఒక సెకను పడుతుంది. పది మంది మిగిలితే పదే ఫ్రేములు. చివరివాడు ప్రతి ఫ్రేమ్‌కూ ఒక అడుగు వేస్తూ పరుగెడతాడు. చివర్లో టెన్షన్ పెరగడానికి కారణం ఇదే. నిషికాడో దీన్ని లోపంగా చూడకుండా ఆటలో అలాగే ఉంచేశారు.

ఇంటి పెట్టెలో 128 బైట్లు

అటారీ కన్సోల్ 1977లో 199 డాలర్లకు వచ్చింది. అప్పట్లో మెమరీ చిప్పులు ఖరీదైనవి కాబట్టి ధర అదుపులో ఉండాలంటే మెమరీ కోయాలి. అందులో ఉన్న మొత్తం ర్యామ్ (ఆట నడుస్తుండగా లెక్కలు రాసుకునే మెమరీ) 128 బైట్లు. స్కోరు, మిగిలిన ప్రాణాలు, ఫిరంగి ఎక్కడుంది, ఎవరు బతికున్నారు, బాంబు ఎక్కడ పడుతోంది, అన్నీ అందులోనే సర్దుకోవాలి.

ఫ్రేమ్ బఫర్ పెట్టాలనుకుంటే ఎంత కావాలో చూద్దాం. ఈ యంత్రంలో గీతకు 160 చుక్కలు, సాధారణంగా 192 గీతలు. రంగులు లేకుండా చుక్కకు ఒక్క బిట్ వేసినా 30,720 బిట్లు, అంటే 3,840 బైట్లు. ఉన్న ర్యామ్‌కు 30 రెట్లు! తెరను గుర్తుపెట్టుకునే అవకాశమే లేదు.

ఆ స్థానంలో టీఐఏ అనే చిప్ ఉంది. జే మైనర్, జో డెక్యూర్ వంటి ఇంజినీర్లు దాన్ని రూపొందించారు. అది తెర మొత్తాన్ని ఎరగదు, ప్రస్తుతం గీస్తున్న ఒక్క గీత మాత్రమే దానికి తెలుసు. ఆ గీత మీద చూపడానికి దాని దగ్గర ఆరు వస్తువులున్నాయి: 8 చుక్కల వెడల్పు ఉన్న ఆటగాళ్ల బొమ్మలు రెండు, క్షిపణులు రెండు, ఒక బంతి, వెనుక ముతక దిమ్మలతో ఒక దృశ్యం. అప్పటి పాంగ్, ట్యాంక్ వంటి ఆటలను ఇంట్లో ఆడించాలన్నది తయారీదారుల లక్ష్యం. అవి ఇద్దరు ఆటగాళ్లు, రెండు తూటాలు లేదా ఒక బంతితో సరిపోయే ఆటలు. ముప్పై ఆరుమంది శత్రువులున్న ఆట ఈ చిప్ మీద నడుస్తుందని దాన్ని గీసిన రోజున ఎవరూ అనుకోలేదు.

కిరణం వెంట పరుగు

పాత గాజు టీవీలో బొమ్మను ఎలక్ట్రాన్ కిరణం గీస్తుంది. అది పై ఎడమ మూల నుంచి మొదలై ఒక గీత గీసి, వెనక్కి వచ్చి కింది గీత గీస్తుంది. అమెరికా టీవీ పద్ధతి కోసం అటారీ పంపే సిగ్నల్‌లో ఒక ఫ్రేమ్‌కు 262 గీతలు, సెకనుకు దాదాపు 60 ఫ్రేములు. ఫ్రేమ్ బఫర్ లేదు కాబట్టి, కిరణం ఏ గీత మీద ఉందో ఆ గీతకు కావలసిన సమాచారాన్ని ప్రోగ్రామే స్వయంగా, సరిగ్గా ఆ క్షణానికి చిప్‌కు అందించాలి. అందించకపోతే అంతకుముందు ఇచ్చినదే మళ్లీ తెర మీద పడుతుంది.

ఒక గీతకు ప్రాసెసర్‌కు దక్కే సమయం 76 సైకిళ్లు. సైకిల్ అంటే ప్రాసెసర్ గడియారం ఒక్కసారి కొట్టుకునే సమయం. ఇందులో ఎంత పని పడుతుందో లెక్క వేద్దాం. పట్టికలోంచి ఒక బైట్ తీసుకోవడానికి 4 సైకిళ్లు, దాన్ని టీఐఏలో రాయడానికి 3, కలిపి 7. ఆటగాళ్ల బొమ్మలు రెండింటి ఆకారం, రంగు మార్చాలంటే నాలుగు ఏడులు 28. వెనుక దృశ్యానికి మూడు రిజిస్టర్లు (చిప్‌కు ఆదేశాలు రాసే చిన్న గళ్లు) ఉన్నాయి, వాటికి 21. కొత్త గీత కోసం ఆగడానికి, గీతల లెక్క ఒకటి తగ్గించడానికి, మళ్లీ మొదటికి వెళ్లడానికి 8. మొత్తం 57. మిగిలినవి 19 సైకిళ్లు. మూడు నాలుగు చిన్న పనులకు మించి పట్టవు. పైగా ఒక్కో సైకిల్ గడిచేలోగా కిరణం మూడు చుక్కలు దాటేస్తుంది.

మరి ఆట ఆలోచన ఎప్పుడు? ఎవరు చనిపోయారు, గుంపు ఎటు తిరగాలి అన్న లెక్కలు ఎక్కువగా తెరకు పైనా కిందా కనిపించకుండా పోయే 70 గీతల సమయంలో చేసుకోవాలి. 70ని 76తో గుణిస్తే 5,320 సైకిళ్లు. స్పేస్ ఇన్వేడర్స్ బుర్రకు దక్కే తీరిక దాదాపు అంతే.

వరుసకు ఆరుగురే ఎందుకు?

శత్రువులను చూపడానికి చేతిలో ఉన్నవి ఆటగాళ్ల బొమ్మలు రెండే. అయితే టీఐఏలో ఒక వసతి ఉంది. ఒక బొమ్మను అదే గీత మీద రెండు లేదా మూడు సార్లు అచ్చు వేయమని అడగవచ్చు. మూడుకు మించి వేయదు. రెండు బొమ్మలు, ఒక్కోటి మూడు సార్లు: ఆరు. ఇంటి ఆటలో వరుసకు ఆరుగురు ఉండటానికి మూలం ఈ గుణకారమే.

ఎడం కూడా చిప్పే నిర్ణయిస్తుంది. మూడు నకళ్ల మధ్య దూరం 16 చుక్కలు కావచ్చు, 32 కావచ్చు. ఒక బొమ్మ మూడు నకళ్లను 32 చుక్కల ఎడంతో వేసి, రెండో బొమ్మను 16 చుక్కలు జరిపి మొదలుపెడితే ఒకదాని సందుల్లో మరొకటి కూర్చుంటుంది. అప్పుడు గుంపు వెడల్పు 88 చుక్కలు. గీతలో ఉన్న 160లో మిగిలిన 72 చుక్కలు అటూ ఇటూ నడవడానికి.

ఇది అడ్డం సంగతి. నిలువుగా వస్తే కథ తిరగబడుతుంది. చిప్‌కు పై గీత గుర్తుండదు కాబట్టి, ఒక వరుస గీయడం అయిపోగానే అవే రెండు బొమ్మలకు కొత్త ఆకారం ఇచ్చి కింది వరుసకు వాడుకోవచ్చు. తోలుబొమ్మలాట ఆడించేవాడి దగ్గర రెండే బొమ్మలున్నా, ఒక రంగం ముగియగానే వాటికి వేషం మార్చి తెచ్చినట్టు. అటారీలో లారీ కాప్లాన్ 1977లోనే 'ఎయిర్ సీ బ్యాటిల్' రాస్తూ ఈ వెసులుబాటును వాడుకున్నారు. స్పేస్ ఇన్వేడర్స్ పోర్ట్ రాసిన రిక్ మౌరర్ దాన్ని ఆరు వరుసలకు పెంచారు. ఆరు వరుసలు, ఆరుగురు చొప్పున: 36.

ఇంటి ఆట ఆర్కేడ్‌ను మించిన చోటు కూడా ఇక్కడే ఉంది. ఆర్కేడ్‌లో అయిదు వరుసలకు మూడే రకాల శత్రువులు. ఇంటి ఆటలో ఆరు వరుసలకు ఆరు వేర్వేరు ఆకారాలు. ప్రతి వరుసకూ ఎలాగూ బొమ్మను మళ్లీ ఇవ్వాలి, ఇచ్చేది కొత్తదైతే సమయం అదనంగా ఖర్చు కాదు. పాయింట్లు కూడా అడుగు వరుసకు 5తో మొదలై పై వరుసకు 30 దాకా అయిదేసి పెరుగుతాయి. తెర మొత్తం ఖాళీ చేస్తే 630. ఈ యంత్రం అడ్డంగా పిసినారి, నిలువుగా ధారాళం. 2600 మీద వచ్చిన ఏ ఆటనైనా ఈ ఒక్క కొలతతో చూస్తే అది ఎందుకు అలా ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

మధ్యవాడు చచ్చిపోతే?

ఇక్కడే అసలు చిక్కు. మూడు నకళ్లూ ఒకే బొమ్మవి. నడిమివాణ్ణి కాల్చితే వాడొక్కడే మాయం కావాలి, పక్కవాళ్లు ఉండాలి. చిప్‌లో రెండు దారులున్నాయి. ఒకటి, నకళ్ల సంఖ్యను, ఎడాన్ని మార్చడం: మూడు నకళ్ల బదులు 64 చుక్కల దూరంతో రెండు నకళ్లు అడిగితే నడిమి చోటు ఖాళీ అవుతుంది. మొదటివాడు పోతే బొమ్మ మొదలయ్యే చోటును 32 చుక్కలు జరిపి రెండు నకళ్లు అడగాలి. ముగ్గురి బతుకు చావులకు ఎనిమిది కలయికలు, అన్నింటికీ ఇలా దారి దొరుకుతుంది. రెండోది, గీత మధ్యలోనే, ఒక నకలు పడి ఇంకోటి పడేలోగా, బొమ్మ ఆకారాన్ని చెరిపి మళ్లీ రాయడం. కిరణం వేగం చూశాం కాబట్టి ఇది ఎంత సన్నని సందో ఊహించవచ్చు.

గుర్తుపెట్టుకోవడం మాత్రం తేలిక. వరుసకు ఆరు బిట్లు, అంటే ఒక బైట్‌లోపే. ఆరు వరుసలకు ఆరు బైట్లతో సైన్యం మొత్తం హాజరుపట్టీ సిద్ధం.

తూటా తగిలిందో లేదో చెప్పే పనిలో చిప్ సాయం చేస్తుంది. ఆరు వస్తువుల్లో ఏ రెండు ఒకే చుక్క మీద కలిసినా అది నమోదు చేస్తుంది. ఆరింటిలో జతలు 15, అందుకు 15 గుర్తులు. కానీ క్షిపణి మొదటి బొమ్మకు తగిలిందని మాత్రమే చెబుతుంది. దాని మూడు నకళ్లలో దేనికి, ఏ వరుసలో అన్నది తూటా ఉన్న చోటును బట్టి ప్రోగ్రామ్ తేల్చుకోవాలి.

వేగం ఎక్కడి నుంచి వస్తుంది?

శత్రువులు తగ్గితే ప్రాసెసర్‌కు భారం తగ్గి ఆట వేగం పెరుగుతుందన్న వివరణను చాలామంది రెండు యంత్రాలకూ వర్తింపజేస్తారు. ఆర్కేడ్‌కు అది నిజం. 2600కు కాదు. ఇక్కడ 36 మంది ఉన్నా ఒక్కడే ఉన్నా కిరణం 262 గీతలూ గీయాల్సిందే, గీతకు 76 సైకిళ్లే. భారం తగ్గడం వల్ల దానంతట అది వచ్చే వేగం ఏమీ ఉండదు. అయినా ఇంటి ఆటలోనూ గుంపు పలచబడే కొద్దీ నడక పెరుగుతుంది. ఒకచోట యంత్రం ఇచ్చిన ఆ గుణాన్ని ఇంకోచోట ప్రోగ్రామర్ పనిగట్టుకుని కట్టారన్నమాట. పోర్ట్ అంటే కాపీ కాదని నేను అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

112 ఆటలు ఒక్క కార్ట్రిడ్జ్‌లో

పెట్టె మీద 112 ఆటలని ఉంటుంది. కార్ట్రిడ్జ్‌లో ఉన్నది 4 కిలోబైట్లు. ఇది ప్రచారం కోసం రాసిన అంకె అనిపిస్తుంది కానీ లెక్క నిజమే. గోడలు కదలాలా వద్దా, బాంబులు వంకరగా పడాలా తిన్నగానా, వేగంగానా మామూలుగానా, శత్రువులు కనిపించాలా వద్దా: నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు జవాబులు. రెండును నాలుగు సార్లు గుణిస్తే 16. ఒక్కరే ఆడటం, ఇద్దరు వంతులవారీగా ఆడటం, ఇద్దరూ ఒకేసారి పోటీపడటం, ఒకే ఫిరంగిని ఇద్దరూ పంచుకోవడం వంటి ఏడు పద్ధతులున్నాయి. 16 ఏడులు 112. నాలుగు బిట్లు, ఒక చిన్న అంకె, అంతే ఖర్చు.

ఇద్దరూ ఒకేసారి ఆడటం ఆర్కేడ్‌లో లేదు. ఇక్కడ ఆ వసతి దాదాపు ఉచితంగా దొరికింది. శత్రువుల వరుసలు అయిపోయాక, అడుగు గీతల్లో ఆ రెండు బొమ్మలూ ఖాళీగా ఉంటాయి కదా. కన్సోల్ మీదున్న డిఫికల్టీ స్విచ్ నొక్కితే ఫిరంగి రెట్టింపు వెడల్పై, తూటాలకు తేలిగ్గా దొరుకుతుంది. అది కూడా నకళ్లను లెక్కపెట్టే రిజిస్టరే ఇచ్చే సదుపాయం.

అదే చిప్, పాక్‌మాన్ దగ్గర

యంత్రానికి తగ్గ ఆట, తగని ఆట అన్న తేడా 1982లో టాడ్ ఫ్రై రాసిన పాక్‌మాన్ పోర్ట్‌లో తెలుస్తుంది. ఇన్వేడర్లు వరుస తప్పరు, కాబట్టి ఏ గీత మీద ఎవరుంటారో ముందే తెలుసు. పాక్‌మాన్‌లో నలుగురు దయ్యాలు చిక్కుదారిలో ఎక్కడైనా ఉండవచ్చు, నలుగురూ ఒకే గీత మీదకు రావచ్చు. ఆ పోర్ట్‌లో ఫ్రేమ్‌కు ఒక్కో దయ్యాన్నే చూపిస్తూ పోయారు. సెకనుకు 60 ఫ్రేములను నలుగురికి పంచితే ఒక్కొక్కరికి 15. అందుకే అవి రెపరెపలాడుతూ కనిపిస్తాయి. మరుసటి ఏడాది 8 కిలోబైట్లతో వచ్చిన మిస్ పాక్‌మాన్‌లో, దయ్యాలు వేర్వేరు ఎత్తుల్లో ఉన్నప్పుడు బొమ్మను నిలువుగా మళ్లీ వాడి, ఒకే ఎత్తుకు వచ్చినప్పుడే రెపరెపలు రానిచ్చారు.

అమ్మింది పేరా, ఆటా?

స్పేస్ ఇన్వేడర్స్ ఇంటి కన్సోల్ కోసం లైసెన్స్ తీసుకుని చేసిన మొదటి ఆర్కేడ్ ఆట. పది లక్షల కాపీలు దాటిన మొదటి కార్ట్రిడ్జ్ కూడా ఇదే. ఈ ఒక్క ఆట కోసం జనం కన్సోల్ కొన్నారని చరిత్ర రాసినవాళ్లు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఎందుకు కొన్నారన్న దగ్గరే అభిప్రాయాలు చీలతాయి.

పేరే అమ్మిందనేవాళ్లకు పాక్‌మాన్ బలమైన సాక్ష్యం. అంత విమర్శలు వచ్చినా అది స్పేస్ ఇన్వేడర్స్‌ను దాటి 2600 మీద అన్నింటికంటే ఎక్కువ అమ్ముడైంది. జనానికి తెలిసిన ఆట ఇంటికి వస్తోందన్న కబురు చాలు, లోపల ఏముందో తర్వాతి మాట అన్నది వాళ్ల వాదన.

ఆట బాగుండటమే కారణమనేవాళ్లు అదే 1982లో ఏ ఆర్కేడ్ పేరూ లేకుండా వచ్చి ఆదరణ పొందిన ఫిక్స్‌డ్ షూటర్లను చూపిస్తారు. అటారీ తన ప్రోగ్రామర్ల పేర్లు పెట్టె మీద వేయనిచ్చేది కాదు. ఆ అసంతృప్తితో బయటికొచ్చిన నలుగురు ప్రోగ్రామర్లు 1979లో స్థాపించిన ఆక్టివిజన్ నుంచి 'మెగామేనియా' వచ్చింది. అటారీ వదిలి ఇమాజిక్‌లో చేరిన రాబ్ ఫులాప్ 'డీమన్ అటాక్' రాశారు. నాకు ఈ రెండో వాదన వైపు మొగ్గు ఎక్కువ, అయితే పాక్‌మాన్ అమ్మకాలు దాన్ని పూర్తిగా గెలవనివ్వవు.

డీమన్ అటాక్ తెర చూడండి. 36 మంది లేరు, ఒకేసారి ముగ్గురే రాక్షసులు, ముగ్గురూ మూడు వేర్వేరు ఎత్తుల్లో. అలలు (దాడి విడతలు) మారే కొద్దీ కొత్త కొత్త ఆకారాలు వస్తాయి, కదలిక మెత్తగా ఉంటుంది. నిలువుగా ధారాళమైన యంత్రాన్ని ఎరిగినవాడు రాసిన ఆట అది. అయితే అందులో శత్రువులు 'ఫీనిక్స్' అనే ఆర్కేడ్ ఆటను పోలి ఉన్నారంటూ, ఆ ఆట ఇంటి హక్కులున్న అటారీ ఇమాజిక్ మీద దావా వేసింది. అది కోర్టు బయట రాజీతో ముగిసింది.